బోర్డరు లేని మెయిల్

మార్కాపురం బస్టాండుకు ఎదురు సందులో, మందుల షాపుకూ సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికీ మధ్య ఇరుక్కుని విక్టర్ డీటీపీ సెంటర్ ఉంటుంది. బోర్డు మీద శుభలేఖలు, కరపత్రాలు, సన్మాన పత్రాలు, ఫ్లెక్సీలు అని వరసగా రాయించి, చివర్లో ఇంకాస్త ఖాళీ మిగిలింది కాబోలు, 'ఈ-మెయిల్ పంపబడును' అని కూడా రాయించాడు. ఊళ్ళో ఎవరెవరి మెయిళ్ళో పంపిపెట్టిన ఆ మనిషి తన సొంత మెయిల్ ఒక్కటి పంపడానికి వారం రోజులు నానా తంటాలు పడ్డాడు. ఆ వారం సంగతే ఇక్కడ చెప్పబోయేది.

విక్టర్‌కు నలభై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. తండ్రి పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. ఆయన పోయాక ఇల్లు నెట్టుకురావడంలో కొన్నేళ్ళు గడిచాయి. అడిగేవాళ్ళు లేక కొన్నేళ్ళు గడిచాయి. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక మిగతావి గడిచాయి. మనిషి అంత నెమ్మది. 'సరేనండి', 'సాయంత్రం రాండి' అనే రెండు మాటలతోనే ఇన్నేళ్ళుగా దుకాణం నడుపుతున్నాడంటే నమ్మాలి.

నోటికి లేని వేగమంతా వేళ్ళకు ఉంది. ఎదురుగా నిలబడి ఎవరైనా చెబుతుంటే, కళ్ళు రోడ్డు మీద పెట్టి, చెప్పేవాడి నోరు మూతపడకముందే టైపు కొట్టేసేవాడు. పొదిలి నుంచి గిద్దలూరు దాకా తెలుగు టైపులో అంత చేయి తిరిగినవాడు లేడని పేరు. కాకపోతే అతని పని తీరులో ఒక తమాషా ఉంది. ఖాళీ పేజీ తెరిచి ఏ పనీ మొదలుపెట్టడు. అన్నిటికీ పాత ఫైళ్ళున్నాయి. పెళ్ళికి ఒకటి, చావుకు ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, రిటైరయ్యే హెడ్మాస్టరుకు ఒకటి. పాతది తెరిచి, పేర్లు మార్చి, చుట్టూ పూలతీగ బోర్డరు వేస్తే పని అయిపోయినట్టే. చట్రాలు బిగించే తండ్రికి బోర్డర్లు వేసే కొడుకు పుట్టాడని పక్కన సెల్‌ఫోన్ దుకాణం అస్లాం ఎగతాళి చేస్తుంటాడు. డీటీపీ పనిచేసే వాళ్ళందరిదీ ఇదే తీరు గనక ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఇన్నేళ్ళ నుంచీ విక్టర్ తన సొంత వాక్యం ఒక్కటైనా రాసింది లేదు. ఆ సంగతి అతనికి కూడా తెలియదు.

సరళ గారి పరిచయం దొనకొండ చర్చి సావనీరు వల్ల కలిగింది. సరళ అక్కడి హైస్కూల్లో తెలుగు టీచరు. ఇద్దరు చెల్లెళ్ళను చదివించి, పెళ్ళిళ్ళు చేసి, తీరా తన సంగతి గుర్తొచ్చేసరికి నలభై దాటాయి. చర్చి వందేళ్ళ పండగకు పుస్తకం వేయాలనుకున్నప్పుడు, రాత పనులన్నీ ఆమె మీద పడ్డాయి, టైపు పని విక్టర్ మీద పడింది. వాట్సాప్‌ను ఆమె స్కూల్ గ్రూపుల బాధ పడలేక ఎప్పుడో తీసేసింది. అందుకని మ్యాటరంతా మెయిల్లో వచ్చేది, ప్రూఫులు మెయిల్లో వెళ్ళేవి.

మొదట్లో 'నాలుగో పేజీలో పాస్టరు గారి ఫొటో చిన్నదైంది' లాంటివే రాసేది. తర్వాత తర్వాత మెయిళ్ళు పెరిగాయి. దొనకొండలో వాన పడిందని రాసింది. ఒక మేక తరగతి గదిలోకి వచ్చి గోడకున్న వర్ణమాల చార్టు ఊష్మాల దాకా నమిలిందని రాసింది. రైల్వే స్టేషన్ దగ్గర సాయంత్రం గాలి బాగుంటుందని రాసింది. అన్నిటికీ విక్టర్ జవాబు ఒక్కటే: 'ప్రూఫ్ జత చేశాను, చూడగలరు.' ఆ ఒక్క ముక్కనూ ప్రతిసారీ పాత మెయిల్లోంచి తీసి అతికించేవాడు. కానీ ఆ మేక సంగతి మాత్రం బేరాలు లేని వేళల్లో తెరిచి తెరిచి చదువుకునేవాడు, తనలో తను నవ్వుకునేవాడు. రెండు నెలల్లో కావలసిన పుస్తకానికి ఏడాది పట్టింది. ఆమె లేని తప్పులు వెతికేది, ఈయన ఉన్న తప్పులు ఆలస్యంగా దిద్దేవాడు. ఎట్టకేలకు సావనీరు అచ్చయింది, పండగ జరిగింది, ఆ మరుసటి సోమవారం పొద్దున విక్టర్ దుకాణం తెరిచేసరికి ఈ మెయిల్ వచ్చి ఉంది.

'విక్టర్ గారికి, పుస్తకం బాగా వచ్చింది. ఇక మీకు మెయిల్ రాయడానికి నాకు సాకు లేదు. అందుకని సాకు లేకుండానే రాస్తున్నాను. మనిద్దరికీ వయసొచ్చింది, దాపరికం దేనికి. మీకు ఇష్టమైతే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా అన్నయ్యను వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తాను. ఇష్టం లేకపోతే ఆ మాటే రాయండి, నేనేమీ అనుకోను. అన్నయ్య నంద్యాల సంబంధం ఒకటి చేతిలో పెట్టుకుని తొందరపెడుతున్నాడు. శనివారం లోపల మీ మాట తెలియకపోతే వాళ్ళకు సరేనంటాడు. ఫోన్ మాత్రం చేయకండి. ఫోన్లో మీరు సరేనండి తప్ప ఇంకేమీ అనరు. ఇష్టమో కాదో మీ మాటల్లో రాయండి. సరళ.'

విక్టర్ చదివాడు. లేచి కూజాలో నీళ్ళు తాగాడు. బయటికొచ్చి రోడ్డు అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ లోపలికి పోయి చదివాడు. అంత సంతోషం ఆ మనిషికి ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అస్లాం దగ్గరికి పోయి చెప్పాడు.

"ఇంకేందన్నా," అన్నాడు అస్లాం, చేతిలో ఉన్న ఫోన్ పక్కనపెట్టి. "ఇష్టమేనా నీకు?"

"ఇష్టమే."

"అయితే అదే రాయి. ఇప్పుడే రాయి."

"రాస్తా," అన్నాడు విక్టర్. "ఏ ఫాంటులో రాయాల్నో చూస్తా."

అంత మంచి కబురుకు జవాబు మామూలుగా ఉంటే ఏం బాగుంటుందని, తన దగ్గరున్న వాటిలో భాష బాగున్న ఫైలు వెతికాడు. పెళ్ళి ఫైలు మరీ తొందరపాటుగా ఉంటుందనిపించింది. సన్మాన పత్రం మర్యాదగా ఉంటుందని దాన్ని తెరిచాడు. పేరు మార్చాడు, అక్కడక్కడా మాటలు మార్చాడు, అలవాటు కొద్దీ పూలతీగ బోర్డరు వేశాడు. లోపలి మ్యాటరంతా తీసి మెయిల్లో అతికించాడు. తెర మీద అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. పంపేసి, గుండెల మీది బరువు దిగిందనుకుని, ఆ పూట రెండు టీలు తాగాడు.

మంగళవారం జవాబు వచ్చింది. 'మీ మెయిల్ అందింది. పెద్దదే రాశారు, సంతోషం. కానీ అందులో డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, ఇంగ్లీషు అక్షరాలు తప్ప తెలుగు లేదు. మళ్ళీ రాయండి.'

విక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. అతని దుకాణంలో వాడే తెలుగు ఫాంటు పాతకాలపుది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగులా కనిపిస్తుంది, లేని చోట పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. 'మెయిల్లో పనికిరాదండీ, ప్రింటుకే పనికొస్తుంది' అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది తనే. సంబరంలో తనకే ఆ సంగతి గుర్తు లేదు. పోనీలే, ఏం రాశానో చూద్దామని ఆ ఫైలు మళ్ళీ తెరిచాడు. మధ్యలో పేర్లు మార్చాడు గానీ, 'తమరు విద్యార్థుల హృదయాలలో చెరగని ముద్ర వేసి, నేడు పదవీ విరమణ పొందుచున్న ఈ శుభసందర్భమున' అనే ముక్క అట్లనే ఉండిపోయింది. చివర్లో 'తమ శేషజీవితము ప్రశాంతముగా గడవాలని' కూడా ఉంది. పెళ్ళి మాట ఎత్తిన మనిషికి రిటైర్మెంటు శుభాకాంక్షలు పంపాడన్నమాట. అవి పిచ్చి గీతలుగా మారినందుకు విక్టర్ దేవుడికి మనసారా దండం పెట్టుకున్నాడు.

"ఆ పాత ఫాంటు వదిలెయ్యన్నా," అన్నాడు అస్లాం. "వేరేదాంట్లో రాయి. బోలెడున్నాయి."

అక్కడ మొదలైంది అసలు తంటా. బోలెడున్నాయి అన్నదే పెద్ద తలనొప్పి.

మొదట ఫోన్లో మాట్లాడితే అదే తెలుగులో టైపు చేస్తుందన్నాడు అస్లాం. విక్టర్ ఫోన్ పట్టుకుని దుకాణం వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి, "సరళ గారికి, నాకు" అన్నాడు. అంతలో రోడ్డు మీద పొదిలి బస్సు వచ్చి ఆగింది. ఆ తర్వాత ఏమనాలో తోచక అతను నిలబడిపోతే, ఫోన్ మాత్రం ఊరుకోకుండా తన పని తాను చేసింది. చూసుకుంటే 'సరళ గారికి నాకు పొదిలి పొదిలి సీట్లున్నాయి రండి రండి' అని ఉంది. దాన్ని తుడిచేసి, ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి తర్వాత చూశాడు. అందులో అతని వేళ్ళు ఒక్క క్షణం కుదురుగా లేవు. ఏ అక్షరం ఎక్కడుంటుందో తనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, కానీ ఇక్కడ అవేవీ అక్కడ లేవు. తెల్లారి లేచేసరికి వీధిలో ఇళ్ళన్నీ తలుపులు మార్చుకున్నట్టయింది. అమ్మ అనాలంటే ఏఎంఎంఏ అని కొట్టడం అతనికి ఏ మాత్రం నచ్చలేదు. అస్లాం నవ్వినా సరే, నచ్చలేదంటే నచ్చలేదు.

బుధవారం ఇంకో సాఫ్ట్‌వేర్ తెరిచాడు. అందులో బోర్డర్లున్నాయని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం అస్లాం తొంగిచూసేసరికి తెర మీద నాలుగు వైపులా తామరపూల బోర్డరు, మధ్యలో మెరూన్ రంగులో 'సరళ గారికి' అని ఉన్నాయి. కింద ఏమీ లేదు.

"పొద్దుట్నించి ఇదేనా?" అన్నాడు అస్లాం.

"రంగు కుదర్లేదు," అన్నాడు విక్టర్.

అస్లాం తన ఫోన్ తీసి, అడిగితే ఉత్తరాలు రాసిపెట్టే కొత్త యాప్ ఒకటి తెరిచి, సంగతి చెప్పాడు. అది చిటికెలో రాసింది: 'మీ ప్రతిపాదన నాకు ఎనలేని ఆనందాన్ని కలిగించింది. పరస్పర గౌరవం, అవగాహనతో కూడిన మన జీవన ప్రయాణం సుమధురంగా సాగాలని ఆకాంక్షిస్తున్నాను.' అస్లాం తనే రాసినంత గర్వంగా చదివి వినిపించాడు.

విక్టర్ శ్రద్ధగా విన్నాడు. "బాగుంది," అన్నాడు. "ఇది నా సన్మానం ఫైలే."

అనేసి, తనే ఆశ్చర్యపోయాడు. అంతవరకు అతనికి ఫాంటు కుదరక రాయలేకపోతున్నానని గట్టి నమ్మకం. ఇప్పుడు ఎవరో తట్టి లేపినట్టయింది. ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మనసులోకి వచ్చే వాక్యాలన్నీ కార్డుల మీదివే. ఎనలేని ఆనందం, చెరగని ముద్ర, సకుటుంబ సపరివార సమేతంగా. తన మాటల్లో రాయమంది ఆమె. తన మాటలు ఎట్లా ఉంటాయో తనకే తెలియదు. ఆ మాట తలుచుకుంటే దిగులేసింది. ఏడాది పాటు అంత కమ్మగా రాసిన మనిషికి, ఇష్టమైన మనిషికి, ఒక్క ముక్క రాయలేక ఆమెను నంద్యాలకు పోగొట్టుకుంటానేమో అని భయం కూడా వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. వాళ్ళమ్మ పాపమ్మకు డెబ్భై దాటినా చూపూ నోరూ రెండూ చురుకే.

"ఏందిరా, కంచంలో టైపు కొడతన్నావు? కూడు తినడానికి పెట్టినానా, ఆడుకోడానికి పెట్టినానా?" అంది. కొడుకు పలక్కపోతే గడప దగ్గరికొచ్చిన కోడిని తిట్టింది. కోడి పోయాక, ఇట్లాంటి మూగ కొడుకును ఇచ్చినందుకు దేవుణ్ణి తిట్టింది. విక్టర్ ఆమెతో ఏమీ చెప్పలేదు. సంబంధం కుదురుతుందో లేదో తెలియకుండా చెబితే వీధంతా తెలిసిపోతుంది మరి.

గురువారం అస్లాం విసిగిపోయాడు. విక్టర్ కుర్చీలో తనే కూర్చుని, కంప్యూటర్‌తో పాటే వచ్చే నోట్‌ప్యాడ్ తెరిచాడు. తెల్లటి తెర, మూలన నల్లటి గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. అంతే.

"దీంట్లో రాయి," అన్నాడు. "దీంట్లో బోర్డరు లేదు, రంగు లేదు, పూలు లేవు. సలహా చెప్పేవాడు లేడు. పొరపాటున ఎవరికీ పోదు కూడా. రాసుకున్నాక మెయిల్లో పెట్టుకోవచ్చు."

"ఇదేంది, చొక్కా లేకుండా పెండ్లికి పోయినట్టుంది."

"ఆమె నీ చొక్కాను చేసుకుంటాదా అన్నా?"

అస్లాం అందరి కంప్యూటర్లలో కనిపించే తెలుగు పెట్టి, ఏ అక్షరం ఎక్కడుందో ఒక కాగితం మీద గీసి, తెర కింద అంటించి పోయాడు.

అట్లా జిల్లాలో పేరు మోసిన టైపిస్టు బళ్ళో కొత్తగా చేరిన పిల్లోడిలా ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక అక్షరం దొరికేదాకా రెండోది ఆగాలి. ఆ ఆగడంలో ఒక విచిత్రం జరిగింది. వేళ్ళు పరిగెత్తినన్నాళ్ళూ మాటలు వాటంతటవే వచ్చి పడేవి. ఇప్పుడు ఒక మాట రాయాలంటే అంత కష్టపడాలి గనక, అది నిజంగా కావాలా అని అడిగే తీరిక దొరికింది. మహదానందం అని మొదలుపెట్టి, మ దగ్గరే ఆగి, ఇంత కష్టం ఎందుకులే, ఇష్టం అంటే సరిపోదా అనుకున్నాడు. ఇష్టం అని కొట్టి, వెనక్కి వాలి చూసుకున్నాడు. తెల్లటి తెర మీద ఆ ఒక్క మాట ఉంది. అది ఏ కార్డులోంచీ రాలేదు. విక్టర్‌కు సిగ్గేసింది, బాగా అనిపించింది కూడా.

శుక్రవారమంతా ఎవరొచ్చినా 'సాయంత్రం రాండి' అన్నాడు. సాయంత్రం వచ్చినవాళ్ళను 'రేపు రాండి' అన్నాడు. పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చినాయన, విక్టర్‌కు ఒంట్లో బాగాలేదేమోనని అస్లాంను అడిగి పోయాడు. ఉత్తరం ముందుకు సాగి సాగి వాళ్ళమ్మ దగ్గర ఆగింది.

అమ్మ సంగతి రాయాలా వద్దా? రాయకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధం. రాస్తే, ఎంత మెత్తగా రాసినా, పాపమ్మ పాపమ్మే. నంద్యాల ఆయనకు ఇట్లాంటి తల్లి ఉండకపోవచ్చు. ఉన్నా ఆయన దాచుకోవచ్చు. పాత ఫైళ్ళలో అయితే 'మాతృమూర్తి ఆశీస్సులతో' అని ఒక్క ముక్క పెడితే తీరిపోయేది. చివరికి, సరళ ఏడాది పాటు ఏదీ దాచకుండా రాసింది, మేక సంగతి కూడా దాచలేదు, నేను దాస్తే ఏం మర్యాద అనుకున్నాడు. ఉన్నదున్నట్టు రాసేశాడు. రాశాక భయంగానే ఉంది గానీ, ఒక్క అక్షరం తుడవలేదు.

శనివారం మధ్యాహ్నానికి ఉత్తరం పూర్తయింది. మళ్ళీ పిచ్చి గీతలుగా మారుతుందేమోనని ముందు అస్లాం ఫోన్‌కు పంపాడు. అస్లాం తన దుకాణంలోనే నిలబడి చదివాడు. పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చదివాడు. తర్వాత ఇటు వచ్చి, "తెలుగులోనే ఉందన్నా," అన్నాడు. "పంపు."

విక్టర్ పంపాడు. టీ చల్లారకముందే జవాబు వచ్చింది. 'రేపు వస్తున్నాం' అని మాత్రమే ఉంది. అది మంచి రావడమో, కాదని ముఖాన చెప్పి పోయే రావడమో విక్టర్‌కు అర్థం కాలేదు. వెళ్ళి ఆగిపోయిన ఫ్లెక్సీ పని చేసుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో తల్లికి చెప్పాడు, ఎవరో ఇద్దరు వస్తారని, సంబంధం మాటని. ఇంత ఆలస్యంగానా చెప్పేది అని ఇంటి దాకా తిట్టింది. ఇంటికొచ్చి, తిడుతూనే చాప దులిపింది, తిడుతూనే కోక మార్చుకుంది. దొనకొండ రైలు దిగి, ఆటో మాట్లాడుకుని, ఎండ వేళకు వాళ్ళు వచ్చారు. సరళ ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. ఆమె అన్న యోసేపు పొదిలిలో ఎరువుల దుకాణంలో గుమస్తా. భారీ మనిషి, మాట గట్టిది.

మంచినీళ్ళు, కుశలాలు అయ్యాయి. వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. పెద్దలు ఎంత మాట్లాడుకున్నా, పెళ్ళికొడుకు నలుగురి ముందర తన నోటితో ఒక మాట అనాలి. అది వినకుండా సంబంధం ఖాయం కాదు. యోసేపు చాప మీద సర్దుకుని కూర్చుని, "నీ మాట ఏందో చెప్పు బావా," అన్నాడు.

విక్టర్ లేచి నిలబడ్డాడు. సరళ తల వంచుకుని వింటోంది. పాపమ్మ నోరు మూసుకుని కొడుకు వైపే చూస్తోంది. చివరికి అతని నోట్లోంచి ఒక్కటే బయటికొచ్చింది.

"సరేనండి."

సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. యోసేపు కూడా నవ్వి, "ఇట్లంటావనే తెచ్చినాలే," అని జేబులోంచి ఫోన్ తీశాడు. "నీ మాట నువ్వు ముందే చెప్పినావు. నేనే చదువుతా, అందరూ ఇనండి."

ఆ ఉత్తరం ఒక్క మనిషి చదవడానికి రాసింది. అందులో ఉన్న ఇంకో మనిషి ఇక్కడే, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "వద్దులే బావా," అన్నాడు. యోసేపు వినే రకం కాదు. ఎరువుల ధరలు చదివి చెప్పినంత గట్టిగా మొదలుపెట్టాడు.

'సరళ గారికి. నాకు ఇష్టమే. మీ మేక సంగతి చదివిన రోజు నుంచీ ఇష్టమే. చెప్పడం చేతకాలేదు. మాది రెండు గదుల ఇల్లు. మా అమ్మ నాతోనే ఉంటుంది. ఆమె నోరు ఊరుకోదు. పొద్దున లేచింది మొదలు నన్నూ, కోళ్ళనూ, దేవుణ్ణీ తిడుతూ ఉంటుంది. మిమ్మల్నీ తిడుతుంది, అది ముందే చెబుతున్నాను. నాకు జ్వరం వస్తే మాత్రం ఒక్క మాట అనదు. తగ్గేదాకా పక్కనే కూర్చుంటుంది. మా నాయన పోయినప్పుడు నేను ఏడవలేదు, నా బదులు కూడా ఆమే ఏడ్చింది. ఆమెను విడిచి నేను ఉండలేను. మీరు వస్తే ముగ్గురం ఉంటాం. మీరు వచ్చేస్తే ఇక మీ మెయిళ్ళు రావు కదా అన్నదొక్కటే నాకు దిగులు. విక్టర్.'

చదవడం అయిపోయింది. విక్టర్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చిన వాళ్ళ ముందర తల్లి పరువు తీశానని అతని బాధ. కోళ్ళ మాట దగ్గరే ఆమె లేస్తుందనుకున్నాడు. లేవలేదు.

పాపమ్మ చెయ్యి చాపింది. ఫోన్ యోసేపు చేతిలోంచి తీసి, సరళకు ఇచ్చింది.

"నువ్వు చదువు తల్లీ," అంది. "జొరం కాడ్నించి."

సరళ మెల్లగా చదివింది. 'ఆమెను విడిచి నేను ఉండలేను' అన్న దగ్గర పాపమ్మ చెయ్యెత్తి ఆపింది. కోక కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. కొడుకు వైపు చూడలేదు. సరళతోనే మాట్లాడింది.

"ఇన్నేండ్లు సాకినా. నా ముందర ఒక్కనాడు ఈ మాట అనలే. నీకైతే రాసినాడు," అంది. "నువ్వు వచ్చెయ్ తల్లీ. నువ్వుంటే నా చెవిన కూడా నాలుగు మాటలు పడతాయి."

సరళ ఆమె పక్కకు జరిగి కూర్చుని, "వస్తా అత్తా," అంది.